తవుడు ఎవరి పాలు, తెల్లన్నం ఎవరి పాలు?

'తెల్లన్నం తగ్గించండి, దంపుడు బియ్యం వండుకోండి, వారానికి నాలుగు పూటలైనా జొన్నో కొర్రో తినండి.' డాక్టరు చీటీ మీద, టీవీ వంటల కార్యక్రమంలో, వారపత్రిక ఆరోగ్య శీర్షికలో ఈ మధ్య ఈ మాట వినపడని రోజు లేదు. మాటలో తప్పేమీ లేదు. 2023లో ఐ.సి.ఎం.ఆర్. సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని తేల్చాక అది ఇంకా గట్టిగా వినపడుతోంది. మధుమేహం మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వస్తుంది. సలహా మాత్రం చివరికి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికే చేరుతుంది. ఇంటి తిండి మారాలంటే ఇల్లాలు మారాలి, అంతే. ఆమె పొయ్యి మీద కుండలోకి ఆ గింజ ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, దాని పైపొర ఎవరు తీశారు అన్న ప్రశ్న సలహా ఇచ్చేవాళ్ళకు పట్టదు.

ఈ సలహా కొత్తదీ కాదు. తెలుగునాట దీనికి వందేళ్ళకు దగ్గరగా వయసుంది. ఆ వందేళ్ళ కథలో చచ్చిపోయిన పసిపిల్లలున్నారు, కూలి పోగొట్టుకున్న దంపుళ్ళ ఆడవాళ్ళున్నారు, గాంధీ ఉన్నాడు, రెండు రూపాయల బియ్యం ఉంది. కానీ ఆహార చరిత్ర అంటే మనకు రాజుల విందులూ బిర్యానీ పుట్టుకా తప్ప తవుడు గురించి ఎవరు రాస్తారు?

వడ్ల గింజకు పైన ఊక. ఊక కింద గోధుమ రంగులో పల్చటి పొర, దాన్ని అంటిపెట్టుకుని చిన్న మొలక భాగం. ఆ పొరా మొలకా రాలితే వచ్చేదే తవుడు. రోట్లో రోకలితో దంచితే ఊక పోతుంది, తవుడు కొంత పోయి కొంత గింజకే ఉండిపోతుంది. ఒకసారి దంచి, చాటతో చెరిగి, మళ్ళీ రోట్లో వేసి తొక్కితే బియ్యం ఇంకాస్త తెల్లబడతాయి. ఎన్నిసార్లు దంచాలన్నది ఇంటి స్తోమతును బట్టీ, దంచే చేతుల ఓపికను బట్టీ ఉండేది. కలిగిన ఇళ్ళల్లో దంచడానికి కూలి ఆడవాళ్ళు వచ్చేవారు, కూలి కింద నూకలో, తవుడో, సోలెడు గింజలో ముట్టేవి. 'దంచినమ్మకు బొక్కిందే కూలి' అన్న సామెత వాళ్ళ గురించే. దంచుతూ దంచుతూ నోట్లో వేసుకున్న గుప్పెడే ఆమెకు దక్కేదన్నమాట. సామెత చెప్పినవాళ్ళకు అందులో వెటకారం కనపడి ఉంటుంది, నాకు మాత్రం లెక్కాపత్రంలా కనపడుతుంది.

రోకటి పోటు మీద మనకు మోజు ఎక్కువ. సువ్వి పాటలు సేకరించి పుస్తకాలు వేశాం, విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు చేశాం. తెల్లవారుఝామున లేచి, కడుపుతో ఉన్నా, ఒంట్లో బాగా లేకపోయినా, ఇంటిల్లిపాదికీ సరిపడా గింజలు దంచితే గానీ పొయ్యి వెలగని బతుకులో ఆ పాట ఒక ఊతం. పాట బావుందని పని బావున్నట్టు కాదు.

ఇక మిల్లు ఎలా వచ్చిందో చూద్దాం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట. డెల్టా అంతా వరి పొలమైంది. వరి ఊళ్ళో తినడానికే కాక అమ్మడానికి పండే పంట అయ్యాక రోలూ రోకలీ సరిపోవు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో కాలువల వెంబడీ రైలు స్టేషన్ల పక్కనా బియ్యం మిల్లులు లేచాయి. తవుడు ఉన్న బియ్యం త్వరగా కంపు కొడతాయి, పురుగు పడతాయి. పాలిష్ పట్టిన బియ్యం నెలల తరబడి నిలవుంటాయి, దూరం పోతాయి, మంచి ధర పలుకుతాయి. వర్తకుడి అవసరం ఇది. తెల్లదనం గొప్ప అన్న భావన మనలో ముందే ఉండనే ఉంది. మల్లెపూవులాంటి అన్నం అనడం మనకు మెప్పు. దంచి దంచి తెల్లబరచుకునే స్తోమతు కలవారిది, ఎర్రటి బియ్యం లేనివారివి. మిల్లు ఆ తేడాను చెరిపేసింది. కూలివాడి కంచంలోకి కూడా మల్లెపూవులాంటి అన్నం వచ్చింది.

దాంతోపాటు బెరిబెరి వచ్చింది.

బెరిబెరి అప్పటికి ఆసియా అంతటా తెలిసిన జబ్బే. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, నడక పడిపోయి, చివరకు గుండె ఆగిపోతుంది. జావాలో డచ్చి డాక్టరు ఐక్‌మన్ 1890ల్లో కోళ్ళకు పాలిష్ బియ్యం మేపితే వాటి కాళ్ళు పడిపోయాయనీ, తవుడు కలిపితే లేచి నిలబడ్డాయనీ కనిపెట్టాడు. దానికే తర్వాత 1929లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. తవుడులో ఉన్న ఆ పదార్థం బి1 విటమిన్, థయామిన్. మన దేశంలో ఈ జబ్బు మీద పరిశోధనకు 1918లో కూనూరులో మెకారిసన్ అనే మిలటరీ డాక్టరు ఒక చిన్న యూనిట్ మొదలుపెట్టాడు. దాని పేరే బెరిబెరి ఎంక్వయిరీ. 1928లో అది న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది, 1958లో హైదరాబాదు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. తార్నాక మీదుగా పోతూ ఆ గేటు చూసేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, అది పుట్టిందే బియ్యం జబ్బు కోసం. ఆ జబ్బుకు మద్రాసు రాష్ట్రంలో ఇల్లు ఉత్తర సర్కారులు, అంటే విశాఖపట్నం నుంచి గుంటూరు దాకా మన కోస్తా.

మద్రాసు రాష్ట్రంలో బియ్యం తినేది మనమొక్కళ్ళమే కాదు కదా, దక్షిణాన తమిళ జిల్లాలకు లేని జబ్బు మనకెందుకొచ్చింది? జవాబు ఉప్పుడు బియ్యంలో ఉంది. వాళ్ళు వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి అప్పుడు మర పట్టేవారు. ఉడికేటప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత పాలిష్ పట్టినా అది మిగులుతుంది. మనవాళ్ళు పచ్చి వడ్లనే మర పట్టారు, ఉప్పుడు బియ్యం వాసన మనకు పడదు. తేడా ఎంతంటే, గోపాలన్ బృందం 1971లో వెలువరించిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలో నూరు గ్రాముల మర పట్టిన పచ్చిబియ్యంలో బి1 0.06 మిల్లీగ్రాములు. చేత్తో దంచిన పచ్చిబియ్యంలో 0.21. మర పట్టినా సరే, ఉప్పుడు బియ్యంలో 0.21. ఆ 0.06 కూడా కుండలోకి చేరేలోపు బియ్యం కడిగిన నీళ్ళలో కొంత, వార్చిన గంజిలో కొంత పోతుంది.

ఆ కడుగునీళ్ళు ఎటు పోయాయి? కుడితి తొట్టిలోకి. మిల్లు నుంచి వచ్చిన తవుడు? అదీ కుడితి తొట్టిలోకే. గేదె తిని పాలిచ్చింది. పాలూ పెరుగూ నెయ్యీ ఇంట్లో ఎవరి కంచంలోకి ముందు చేరతాయో, ఎవరి కంచం దాకా చేరవో ప్రత్యేకంగా చెప్పాలా? గేదె ఉన్న ఇంట కనీసం మజ్జిగైనా అడుగున మిగులుతుంది. గేదె లేని ఇంట అన్నమూ పచ్చడీ.

ఇక్కడే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచిన భాగం ఉంది. బెరిబెరికి పెద్దవాళ్ళు మంచం పట్టేవారు, కొందరు పోయేవారు. కానీ అది ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది తల్లి పాలు తాగే పిల్లల్ని. కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ ఆడమనిషికి బి1 అవసరం పెరుగుతుంది. ఆమె తినే తిండిలో అది లేకపోతే పాలలోకీ రాదు. తల్లి పైకి ఆరోగ్యంగానే కనపడుతుంది, పాలు పుష్కలంగానే పడతాయి. బిడ్డ రెండో నెలా మూడో నెలా దాకా బొద్దుగా ఉంటుంది. ఉన్నట్టుండి పాలు తాగదు, కక్కుతుంది, ఊపిరాడక కొట్టుకుంటుంది. గొంతు పోతుంది. నోరు తెరిచి ఏడుస్తున్నట్టు కనిపిస్తుంది గానీ శబ్దం రాదు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

1935లో కూనూరు లేబొరేటరీకి డైరెక్టరుగా వచ్చిన ఐక్రాయిడ్, తన సహోద్యోగి కృష్ణన్‌తో కలిసి 1941లో మద్రాసు రాష్ట్రపు శిశు మరణాల లెక్కలు తీసి చూశాడు. మామూలుగా పసిపిల్లల మరణాలు పుట్టిన మొదటి నెలలో ఎక్కువ, తర్వాత తగ్గుతూ పోతాయి. బెరిబెరి ఉన్న మన జిల్లాల్లో మాత్రం రెండో నెల నుంచి ఐదో నెల లోపు మరణాలు మిగతా ప్రాంతాలకన్నా ఎక్కువగా కనపడ్డాయి. పుట్టుకా చావుల రిజిస్టరులో మునసబు, కరణం రాసుకున్న అంకెల్లోంచి ఒక జబ్బు ఆనవాలు బయటపడింది. అంతకుముందు వాటిని ఏమనుకున్నారు? బాలారిష్టమన్నారు, దిష్టన్నారు, తల్లి పాలు మంచివి కావన్నారు. విషాదమేమిటంటే పాల మాట అక్షరాలా నిజం. పాలలో లోపమున్నమాట నిజం, తప్పు పాలిచ్చిన మనిషిది కాకపోవడమూ అంతే నిజం. బిడ్డ పోయిన ప్రతి బాలింతా ఆ నింద మోసింది. మళ్ళీ కడుపు, మళ్ళీ అదే పచ్చిబియ్యం అన్నం, మళ్ళీ మూడో నెల.

పైగా బాలింత పథ్యం. కూరలు వాతం, పప్పు అరగదు, నీళ్ళు ఎక్కువ తాగకూడదు. అన్నంలోకి కారప్పొడి, వెల్లుల్లి, కాస్త నెయ్యి దొరికితే నెయ్యి. దంపుడు బియ్యం తినే రోజుల్లో ఈ పథ్యం ప్రాణం తీసేది కాకపోవచ్చు, అన్నమే కొంత కాపాడేది. మర బియ్యం వచ్చాక కంచంలో అన్నం తప్ప ఏమీ లేని ఆ నెలలు ఎంత ప్రమాదమో ఆలోచించండి. పథ్యం పాతదే, అన్నం మాత్రం మారిపోయింది. అది మారినట్టు పథ్యం పెట్టిన అత్తగారికి తెలిసే వీలు లేదు, చూడటానికి ఇంకా బావుంది కదా!

ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే జబ్బు ఇలాగే పిల్లల్ని చంపింది. అక్కడ 1910ల్లోనే తవుడు నుంచి తీసిన కషాయాన్ని చుక్కలుగా పిల్లల నోట్లో పోయడం మొదలుపెట్టారు, టికిటికి అని దాని పేరు. ఇక్కడ మరో పాతికేళ్ళకు కూడా లెక్కలు తీస్తూనే ఉన్నారు. వలస ప్రభుత్వానికి కూలీలు పనికి రాలేని జబ్బు జబ్బుగా కనపడుతుంది. మూడు నెలల పసిగుడ్డు చావు రిజిస్టరులో ఒక గీత.

ఐక్రాయిడ్ బృందం 1940లో 'భారతదేశంలో బియ్యం సమస్య' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పెద్ద నివేదిక వేసింది. దానికి ఐదారేళ్ళ ముందే సమస్యను తన పద్ధతిలో చేతిలోకి తీసుకున్నవాడు గాంధీ. 1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది, కార్యదర్శి కుమారప్ప, కేంద్రం వార్ధా. వాళ్ళు చేపట్టిన మొదటి పనుల్లో ఒకటి దంపుడు బియ్యం ప్రచారం. 'హరిజన్' పత్రికలో గాంధీ వరసగా రాశాడు. మిల్లు బియ్యం ఒంటికి చేటు, దంపుళ్ళు పోతే పల్లెటూరి ఆడవాళ్ళ కూలి పోతుంది, కాబట్టి దంపుడు బియ్యమే తినండి అన్నది సారాంశం. పోషణనూ కూలినీ కలిపి చూసినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. తర్వాత వచ్చిన పోషకాహార నిపుణుల్లో చాలామంది ఆ రెండోదాన్ని మర్చిపోయారు.

అయినా ఒక చిక్కుంది. దంపుడు బియ్యం తినమన్నప్పుడు దంచేదెవరో రెండు రకాలు. కూలికి దంచే ఆడమనిషికి మిల్లు వస్తే పని పోతుంది. బెంగాలులో ఇది ఎంత పెద్ద ఎత్తున జరిగిందో ముకుల్ ముఖర్జీ 1983లో రాసిన వ్యాసంలో చూపించింది. అక్కడ ధెంకి తొక్కి బతికే వితంతువులకూ ఒంటరి ఆడవాళ్ళకూ అది దాదాపు ఆఖరి జీవనాధారం. కానీ సొంత ఇంట్లో కూలీ లేకుండా దంచే కోడలికి మిల్లు విడుదల. ఒకే యంత్రం ఒక ఆడదాని పొట్ట కొట్టింది, ఇంకో ఆడదాని నడుము నిలబెట్టింది. ఆ రెండో ఆమెను 'తిరిగి రోకలి పట్టు, దేశం బాగుపడుతుంది' అనడం ఎంత ఆదర్శమైనా ఆమె ఒప్పుకోదు. ఒప్పుకోలేదు కూడా. 1958లో కేంద్రం బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చింది, కొత్త మిల్లుకు అనుమతి ఇచ్చేముందు దంపుళ్ళ ఉపాధి మీద దాని ప్రభావం చూడాలంది. ఊళ్ళో హల్లర్లు ఆగాయా? ఆగలేదు. ఆడవాళ్ళే నెత్తిన వడ్ల మూట పెట్టుకుని మైళ్ళు నడిచి మర దగ్గర వరసలో నిలబడ్డారు. అది అజ్ఞానం అనుకునేవాళ్ళు ఒక్క వారం రోలు దగ్గర నిలబడి చూడాలి.

మూడో దారి ఒకటి ఉండేది. మిల్లులోనే పాలిష్ తక్కువ పట్టించడం, లేకపోతే వడ్లు ఉడకబెట్టి పట్టించడం. ఎవరి నడుమూ విరగదు, ఎవరి పిల్లా చావదు. దానికి మిల్లరు లాభం కొంచెం తగ్గాలి, మన నాలుక కొంచెం వంగాలి. ఆ రెండూ కదలలేదు.

మిల్లరు కదలనప్పుడు కదిలించగలిగేది ఇల్లాలినే. స్వాతంత్ర్యం వచ్చాక తిండి కొరత రోజుల్లో ఈ సంగతి బాహాటమైంది. కె.ఎం.మున్షీ ఆహారమంత్రిగా ఉండగా 1950, 51 ప్రాంతాల్లో బియ్యం గోధుమలు తగ్గించి దుంపలూ అరటికాయలూ తినమని ప్రచారం జరిగింది. ఆయన భార్య లీలావతి మున్షీ నాయకత్వాన మహిళా ఆహార మండలి ఏర్పడి, గింజ లేని వంటలు వడ్డించే అన్నపూర్ణ ఫలహారశాలలు నడిపింది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికో పూట మానమన్నాడు. దేశం కోసం పూట మానే అలవాటు ఇంట్లో ఎవరికి ముందునుంచే ఉందో శాస్త్రిగారి ఉపన్యాసం రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు.

ఇంతసేపూ కోస్తా గురించే చెప్పాను. తెలంగాణలో, రాయలసీమలో కథ వేరు. అక్కడ వరన్నం పండగన్నమో, దొరలింటి అన్నమో. మామూలు జనానికి జొన్న గటక, జొన్న రొట్టె, సజ్జలు, కొర్రలు, సీమలో రాగి సంకటి. ఇవాళ పత్రికలు చిరుధాన్యాలను ఆకాశానికెత్తుతుంటే, ఇసుర్రాయి తిప్పి తిప్పి చేతులు కాయలు కాసిన తరం నవ్వుకుంటుంది. రాగుల్లో నూరు గ్రాములకు 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, మర బియ్యంలో 10. అది నిజం. అయినా జొన్న అమృతమేమీ కాదు. 1950ల చివర హైదరాబాదు వచ్చిన అదే లేబొరేటరీకి ఉస్మానియా ఆసుపత్రిలో కొత్త జబ్బు ఎదురైంది, పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం కమిలి పొలుసులు లేస్తుంది, విరేచనాలు, మతి చలించడం. అప్పటిదాకా అది మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని పుస్తకాల్లో ఉండేది. ఇక్కడి రోగులు జొన్న తినే పేదలు. 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య లాన్సెట్ పత్రికలో జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థం దీనికి కారణమని ప్రతిపాదించారు. దాని మీద వాదాలు చాలా జరిగాయి, అవి నిపుణులకు వదిలేద్దాం. మనకు కావలసింది ఒకటే. గింజ ఏదైనా కంచంలో అదొక్కటే ఉంటే జబ్బే. కోస్తాలో ఒట్టి బియ్యం బెరిబెరి తెచ్చింది, తెలంగాణలో ఒట్టి జొన్న పెల్లాగ్రా తెచ్చింది. పప్పూ ఆకుకూరా పాలూ కంచంలో ఉన్నవాడికి ఏ గింజా చేటు చేయలేదు.

అందుకే 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యాన్ని వెక్కిరించడం నాకు చేతకాదు. పర్యావరణ మిత్రులు కొందరు ఆ పథకం వల్లే జొన్న చేలు పోయాయంటారు. పోయాయి, కాదనను. బోరుబావులూ పత్తీ కూడా అందుకు కారణాలే. అయితే పొద్దంతా కూలికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే ఆడమనిషికి ఇసరక్కర్లేని, దంచక్కర్లేని, అరగంటలో ఉడికే గింజ చేతికి రావడం ఎంత పెద్ద మార్పో లెక్కలోకి తీసుకోవాలి. పండగన్నం రోజూ తినగలగడంలో కులానికి సంబంధించిన గౌరవం కూడా ఉంది. దొర ఏది తింటే మేమూ అదే తింటామన్న ధీమా కేలరీల పట్టికలో కనపడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక పోరాటంలో ఆడవాళ్ళు అడిగిన లెక్క కూడా ఇదే, కూలి డబ్బు సారా దుకాణానికి పోతే బియ్యం ఎలా వస్తుందని. 1996లో ఆ రెండు రూపాయలు మూడున్నర అయింది. 2008లో మళ్ళీ రెండు, 2011లో రూపాయి, 2023 జనవరి నుంచి ఉచితం. ధర మారుతూ వచ్చింది గానీ ఇచ్చేది పాలిష్ పట్టిన బియ్యమే. బియ్యంతోపాటు కందిపప్పో నూనో ఇచ్చినా అరకొరగా, ఇచ్చినన్నాళ్ళు ఇచ్చి మానేయడం. కంచంలో గింజ ఒక్కటే ఉండే పద్ధతి మారలేదు.

జొన్నకు తిరిగి పోవాలన్న మాట ఎవరి నోట వస్తుందన్నది ముఖ్యం. జహీరాబాదు దగ్గర పస్తాపూరు కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఆ మాట దళిత ఆడవాళ్ళ సంఘాల నుంచి వచ్చింది. 1990ల మధ్యలో వాళ్ళు చేసిన పని చూడండి. ఊళ్ళో బీడు పడ్డ పట్టా భూముల్ని సాగులోకి తెచ్చారు. సాగు ఖర్చుకు ఇచ్చిన అప్పును రైతులు డబ్బుగా కాక జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నల్ని ఊళ్ళోనే పాతర వేసి నిలవ చేశారు. ఊళ్ళో ఎవరు ఎంత పేదో కూర్చుని తామే నిర్ణయించి, కరువు నెలల్లో వాళ్ళకు చౌకగా అమ్మారు. ప్రభుత్వ రేషను దుకాణానికి పోటీగా తమ సొంత రేషను. జొన్నతోపాటు కందులు, అనుములు, అలసందలు, గోగు, చేనులో తనంతట తాను మొలిచే ఆకుకూరలు, ఒకే చెలకలో ఇరవై దాకా రకాలు వేస్తారు వాళ్ళు. పోషకాహార నిపుణుడు కంచంలో ఉండాలని చెప్పేదంతా ముందే చేనులో ఉంటుంది. విత్తనం వాళ్ళ చేతిలో, నేల వాళ్ళ చేతిలో, ఏం వండాలన్న నిర్ణయం కూడా అప్పుడు వాళ్ళ చేతిలోకి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నగరాల్లో కిలో కొర్రలు సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పలికాయి. పేదవాళ్ళ గింజ కలవాళ్ళ మందు అయింది, అమ్మేది సూపర్ మార్కెట్లు.

ఇవాళ బెరిబెరి మాట వినపడదు. రక్తహీనత మాట వినపడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత. సగం మందికి పైగా! ఇన్ని దశాబ్దాల సలహాల తర్వాత. ఇంటి తిండిలో లోపమే అయితే మగవాళ్ళకూ ఇంతే ఉండాలి. నెలసరి, కాన్పులు కొంత కారణం. మిగతాది, అందరూ తిన్నాక గిన్నె అడుగున ఏం మిగిలింది అన్నదాని మీద ఉంటుంది. ఏ గింజ తినాలో చెప్పే సలహా పుస్తకాలు నా బీరువాలో ఓ పదిదాకా ఉన్నాయి. ముందు ఎవరు కూర్చుని తినాలో చెప్పినది వాటిల్లో ఒక్కటీ లేదు.

దీనికి ప్రభుత్వం కనిపెట్టిన మందు బలవర్ధక బియ్యం. 2024 నాటికి ప్రభుత్వ పథకాలన్నిటిలో ఈ బియ్యమే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు, 2024 అక్టోబరులో ఆ కార్యక్రమాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించారు. చేసే పద్ధతి వింతగా ఉంటుంది. ముందు మిల్లులో గింజను తెల్లగా పాలిష్ పడతారు. తవుడు నూనె మిల్లుకు పోతుంది. విడిగా బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, మరలో వేసి, గింజ ఆకారంలో నొక్కి, నూరు మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. తప్పనిసరిగా కలపవలసినవి ఆ మూడే. తవుడుతోపాటు పోయిన బి1 ఇష్టమైతే కలుపుకోవచ్చన్న జాబితాలో ఉంది.

ఆ బియ్యం రేషను దుకాణాల్లోకి, బడి భోజనంలోకి, అంగన్‌వాడీల్లోకి వచ్చిన ఏళ్ళలో పల్లెల నుంచి ప్లాస్టిక్ బియ్యం వస్తున్నాయన్న ఫిర్యాదులు పత్రికల్లో వచ్చాయి. నీళ్ళలో వేస్తే కొన్ని గింజలు తేలుతున్నాయని, రంగు తేడాగా ఉందని. అధికారులు ఊళ్ళకు పోయి అవి ప్లాస్టిక్ కాదని చెప్పుకోవలసి వచ్చింది. చెప్పేలోపే చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చాటలో బియ్యం పోసుకుని, వెలుతురులో కూర్చుని, నూటికి ఒకటి చొప్పున ఆ గింజల్ని ఏరి అవతల పారేశారు.